మగ్గం దగ్గర రెండు గొంతులు

చూడబోతే ఆ పెట్టె ఆవకాయ జాడీ అంత కూడా ఉండదు. దానికి ఒక మెత్తటి టోపీ, మెడకు చుట్టుకునే పట్టీ ఒకటి. మనిషికి తలలో గొంతులు వినిపించేటప్పుడు మెదడులోనూ, గొంతు నరాల్లోనూ సన్నని వణుకు పుడుతుందట. ఆ వణుకును పట్టుకుని, మాటగా మార్చి, గదిలో ఉన్నవాళ్ళందరికీ వినిపించడం దాని పని. డాక్టర్ సుభాషిణి తొమ్మిదేళ్ళు కష్టపడి దాన్ని తయారు చేసింది. ‘ప్రతిశ్రుతి’ అని అందమైన పేరు పెట్టుకుంది. కాకినాడ ‘ఊరట’ కేంద్రంలో ఉన్న రోగులు మాత్రం దాన్ని చాడీల పెట్టె అనేవారు. లోపలి మాట తీసుకెళ్ళి బయట చెప్పేది చాడీలు కాక మరేమిటి?

ఆ కేంద్రంలో నూకరత్నం డాక్టరూ కాదు, నర్సూ కాదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇలాంటి చోటే మంచం మీద పడుకుని గోడతో పోట్లాడిన మనిషి. నయమై, ఇల్లు చక్కబెట్టుకుని, కూతురికి పెళ్ళి చేసి, ఇప్పుడు కొత్తగా కోలుకుంటున్నవాళ్ళ పక్కన తోడు కూర్చునే పనిలో ఉంది. కాగితాల మీద ఆ ఉద్యోగం పేరు పీర్ సపోర్టర్. నోరు తిరగనివాళ్ళు ‘తోడక్క’ అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆమె మందు ఇవ్వదు, సలహా కూడా తొందరపడి ఇవ్వదు. “నాకూ ఇలాగే ఉండేదమ్మా” అన్న ఒక్క మాటే ఆమె దగ్గరున్న సరుకు. డాక్టర్లు ఎన్నిసార్లు తట్టినా తెరుచుకోని తలుపులు ఆ మాటకు తెరుచుకునేవి.

ఆ రోజు టోపీ పెట్టుకోవడం హైమావతి వంతు. ఉప్పాడలో మగ్గం ఉన్న ఇంటి పిల్ల, ఇరవై ఆరేళ్ళు. తండ్రి పోయాక తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జాంధానీ చీరలు నేసేవారు. వైశాఖంలో ఒక మధ్యాహ్నం హైమ, సగమైన చీరను పడుగుతో సహా కత్తెరతో అడ్డంగా కోసేసింది. ఎందుకు కోశావంటే “కొయ్యమంది” అన్నది. ఎవరు కొయ్యమన్నారంటే మాత్రం నోరు విప్పలేదు.

తల్లి పేరంటాలుకు ఇదంతా ఒక పట్టాన నమ్మకం కుదరలేదు. మగ్గం చప్పుడు మీద కేకవేసి మాట్లాడటం అలవాటైన మనిషి. వరండాలో అంటే వీధిలోకి వినిపించేది.

“గొంతులేటండీ డాక్టరమ్మా! నేనూ ఆ ఇంట్లోనే ఉంటాను కదా, నా చెవిన పడవేం? మగ్గం ఎక్కడానికి ఒళ్ళొంగక చెప్పే మాటలివి. ఆ బిళ్ళలు మింగి మింగే పిల్ల మొద్దుబారిపోయింది.”

అప్పటికే రెండుసార్లు ఆమె మాత్రలు మాన్పించింది. రెండుసార్లూ హైమ మళ్ళీ వార్డుకు వచ్చింది.

డాక్టర్ సుభాషిణి నూకరత్నాన్ని పక్కకు పిలిచింది. “ఆవిడకు వినిపిద్దామా? మీరేమంటారు?”

నూకరత్నం హైమ దగ్గరకు వెళ్ళి కూర్చుంది. హైమ చాలాసేపు పమిట కొంగు మడతపెట్టి విప్పింది.

“అమ్మ వినాలా అక్కా?”

“వింటేనే నమ్ముతారమ్మా. నన్ను మా వాళ్ళు నమ్మడానికి మూడేళ్ళు పట్టింది. అన్నాళ్ళు నీకెందుకు?”

“నువ్వు మంచిదంటే సరే” అంది హైమ.

లోపల వినిపించేది ఎవరి గొంతని తోడుమనుషులు అడగరు. వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా ఆగడం పద్ధతి. నూకరత్నం ఆ పద్ధతి పాటించింది. పాటించాను కదా అని ఆ వేళ నిశ్చింతగా కూడా ఉంది.

టోపీ పెట్టారు, పట్టీ చుట్టారు. కాసేపు పెట్టెలోంచి గాలి వీచినట్టు చప్పుడు వచ్చింది. తర్వాత మాట.

“తప్పేశావు. విప్పు.”

పేరంటాలు చటుక్కున తలెత్తింది.

“మళ్ళీ తప్పు. విప్పు. నీ చేతిలోనే ఉంది తప్పు. నువ్వు పుట్టడమే తప్పు. కోసెయ్. ఆ పడుగు కోసెయ్. తర్వాత నీ చెయ్యి…”

డాక్టర్ గబుక్కున పెట్టె ఆపేసింది. ఆ గొంతు ఎవరిదో చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. అదే యాస, అదే కేక, మాట చివర అదే విరుపు.

“అది… నేనే” అంది పేరంటాలు.

హైమ రెండు చేతులతో మొహం కప్పుకుంది. “నువ్వు కాదమ్మా, నువ్వు కాదు. అందుకే చెప్పలేదు.”

డాక్టర్ మెల్లిగా చెప్పింది. “మీ తప్పు కాదమ్మా. ఆ జబ్బుకు సొంత గొంతు లేదు. ఇంట్లో ఎక్కువగా వినపడే గొంతునే అరువు తెచ్చుకుంటుంది.”

ఆ మాట పేరంటాలు చెవికెక్కిందో లేదో తెలియదు. కూతురి మాత్రల సంచి మాత్రం తన చేత్తో తీసుకుని, జాగ్రత్తగా ముడివేసి, రొండిన దోపుకుంది. వారం తర్వాత హైమను ఇంటికి పంపారు.

ఆ తర్వాత మూడు రోజులకు నూకరత్నం బస్సులో ఉప్పాడ వెళ్ళింది. డిశ్చార్జి అయినవాళ్ళను వారానికి రెండుసార్లు ఇంటి దగ్గర చూసి రావడం ఆమె పనిలో భాగం. గడపలోనే పేరంటాలు ఎదురొచ్చి నవ్వింది. మంచినీళ్ళు ఇచ్చింది. కుశలమడిగితే సమాధానం చెప్పకుండా, మేకుకు తగిలించిన పలక తీసి రాసి చూపించింది. వంకర అక్షరాలు. ‘చౌడేశ్వరమ్మకు మొక్కుకున్నాను. నలభై ఒక్క రోజు మౌనం. నా గొంతే పిల్లని తినేస్తంది. ఈ గొంతొద్దు.’

నూకరత్నానికి కళ్ళు చెమర్చాయి. ఆమె కూడా రోజూ దీపం పెట్టందే మంచినీళ్ళు ముట్టని మనిషి. బిడ్డ కోసం తిండి మానినవాళ్ళను చూసింది, చెప్పులు మానినవాళ్ళను చూసింది. ఇంత మాటకారి మాట మానేయడం చూడలేదు.

“మామూలు మొక్కు కాదండీ ఇది. ఆ తల్లి తప్పకుండా వింటుంది” అని చేతులు జోడించింది.

ఆ ఇంట్లో మగ్గం గుంటలో ఉంటుంది. ఇద్దరూ అంచున పక్కపక్కన కూర్చుని కాళ్ళు గుంటలోకి పెట్టుకోవాలి. పడుగు కింద గళ్ళ కాగితం మీద బుటా బొమ్మ. దాన్ని చూసి పేరంటాలు పోగుల లెక్క చెప్పేది, ఆ లెక్క ప్రకారం ఇద్దరూ చెరోవైపు జరీ పోగు దూర్చేవారు. ‘ఎడం నాలుగు, వదిలి రెండు, ఎత్తు ఏడు.’ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో పొద్దుటి నుంచి సందె దాకా నడిచిన పాట అదే. ఇప్పుడామె లెక్క చెప్పడానికి వేలితో చెక్క మీద టకటకమని కొడుతోంది. హైమ ఆ టకటకలు లెక్కపెట్టుకుంటూ, మధ్యలో తలెత్తి తల్లి మొహం చూస్తూ, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోంది.

వారం తిరిగేసరికి నేసిందంతా విప్పింది. ఇంకో నాలుగు రోజులకు అన్నం కలిపి వదిలేసింది. మాత్రలు వేళ తప్పడం లేదు. అందులో పేరంటాలుది వంక పెట్టలేని శ్రద్ధ. అయినా హైమను అడిగి నూకరత్నం రాసుకున్న లెక్కలో, రోజుకు రెండు గంటలుండే ఆ గొంతు ఇప్పుడు ఏడు గంటలైంది.

“ఇల్లంతా అదే మాట్లాడతందక్కా” అంది హైమ. “అమ్మకి నా మీద కోపమొచ్చిందా?”

“కోపం కాదమ్మా, నీ కోసం మొక్కు.”

“అది అలా చెప్పట్లేదు. నీ మొహం చూసి మాట్లాడ్డానిక్కూడా మీ అమ్మకి అసయ్యం అంటంది. అమ్మ గొంతుతోనే అంటంది.”

నూకరత్నం ఆ పూటే తిరుగు బస్సెక్కింది.

కేంద్రానికి వెళ్ళి చెబితే డాక్టర్ సుభాషిణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “శుక్రవారం నేనూ పెట్టె తీసుకుని వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే వార్డుకు తెచ్చేద్దాం నూకరత్నంగారూ. మందు మోతాదు పెంచాలి.”

“వార్డుకొస్తే ఇక మగ్గం ఎక్కనంటోంది డాక్టరుగారూ.”

“ప్రాణం ముఖ్యం కదా.”

కాదని ఎలా అంటుంది? వినిపించడానికి సరేనన్నది తనే. ఆ పెట్టె వల్ల తల్లికి నమ్మకం వచ్చింది, మాత్రలు సరిగ్గా పడుతున్నాయి. కానీ ఆ నమ్మకం పేరంటాలు నోరు కట్టేసింది. మంచి జరుగుతుందని తనే ఆ పిల్లను ఒప్పించింది.

గురువారం పొద్దున్న నూకరత్నం వంటింట్లో కూర్చుంది. భర్త గోవిందరాజులు చిక్కుడుకాయలకు ఈనె తీస్తున్నాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. చేతిలో పని ఉంటే నోరు కూడా ఊరుకోదు.

“ఏవండీ, నాకు బాగోని రోజుల్లో మీరు నాతో ఏం మాట్లాడేవారు?”

“నువ్వు వింటేగా మాట్లాడ్డానికి! నేనొకటంటే గోడ ఇంకోటనేది, నువ్వు గోడ మాటే నెగ్గించేదానివి.”

“వేళాకోళం కాదండీ.”

ఆయన చిక్కుడుకాయ కింద పెట్టాడు. “మా అన్నయ్యొచ్చి, దాన్ని కదిలించకురా, నోరు మూసుకునుండు అన్నాడు. సరే అని రెండ్రోజులు ఊరుకున్నాను. ఆ రెండ్రోజులే నువ్వు అన్నం ముట్టలేదు. మూడో నాడు నాకే పిచ్చెక్కేలా ఉందని స్టాపులు చదవడం మొదలెట్టాను. సామర్లకోట, సామర్లకోట దిగేవాళ్ళు ముందుకు రండి, అని. నువ్వు లేచి చెంబుడు నీళ్ళు తాగావు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు.”

నూకరత్నానికి తెలుసు. గోడలోని గొంతు ఆమె తప్పులు ఏకరువు పెడుతుంటే, దాని పక్కన ఇంకో గొంతు, పనికిరాని మాటలే కావచ్చు, బయటి నుంచి వచ్చి తగిలేది. ఒక్కటే ఉన్నప్పుడు అది లోకమంత ఉండేది. రెండోది వచ్చేసరికి ఇది కాస్త పక్కకు జరిగి కూర్చోవలసి వచ్చేది. ఇప్పటికీ ఏడాదికి రెండు మూడుసార్లు అది వస్తుంది. “వచ్చావా, కూర్చో, నాకు పనుంది” అని ఆమె కూర తరుక్కుంటుంది.

లేచి దేవుడి గూటి ముందు నిలబడింది. మొక్కు అమ్మవారిది. మొక్కుకున్నది తల్లి. మధ్యలో తప్పించమనడానికి తనెవరు? మౌనం గొప్పదని పెద్దలన్నారు, నిజమే. కానీ ఒకరి పుణ్యం ఇంకొకరి చెవులకు శిక్షైతే, దాన్ని ఆ తల్లి ఏ ఖాతాలో వేసుకుంటుంది? అడిగింది. పటం ఏమీ చెప్పలేదు. ఆమెకు దేవుడు ఎప్పుడూ బదులు చెప్పలేదు. చెప్పిన రోజు మాత్ర వేసుకోవాలని ఆమెకు తెలుసు.

అందుకే తనకు తోచిందే చేద్దామనుకుంది.

శుక్రవారం పది గంటలకు డాక్టర్, నూకరత్నం ఉప్పాడలో దిగారు. హైమ టోపీ పెట్టుకుని మగ్గం మీద కూర్చుంది. పక్కన పేరంటాలు. మౌనానికి అది పంతొమ్మిదో రోజు. పెట్టెను గట్టు మీద పెట్టి డాక్టర్ మీట నొక్కింది.

“తప్పు. విప్పు. మళ్ళీ తప్పు.”

తన గొంతు తనకే వినబడుతుంటే పేరంటాలు భుజాలు ముడుచుకుని, తలవంచుకుని చెక్క మీద వేలితో కొడుతోంది. కూతురి చెయ్యి పోగు దగ్గరకు వెళ్ళి ఆగిపోతోంది.

నూకరత్నం పేరంటాలు పక్కన గొంతుక్కూర్చుంది. “పేరంటాలుగారూ, మీకు దండం పెట్టి ఒక మాట చెప్తాను. ఆ రోజు మీ మొక్కును మెచ్చుకున్నాను. తప్పు చేశాను. ఈ పిల్లకి రెండు గొంతులుండేవి. ఒకటి మీది, ఒకటి దానిది. మీరు మానేశారు, అది మానలేదు. మీ చోటు కూడా అదే ఆక్రమించేసింది. మాట్లాడండమ్మా.”

పేరంటాలు గబగబా పలక అందుకుంది. ‘మొక్కు తప్పితే పిల్లకి కీడు.’ సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతో ‘ఇంకా 22’ అని రాసి, కళ్ళు తుడుచుకుంది.

“నాకు శాస్త్రం తెలీదండీ. నా మొగుడు వాగుడుకాయ కాబట్టి బతికాను, అదొక్కటే తెలుసు.”

పేరంటాలు అడ్డంగా తలూపింది.

పెట్టెలో గొంతు మారింది. గుసగుసగా మొదలై పెద్దదైంది. “చూశావా? అడుక్కున్నా మాట్లాడదు. నీ పేరు పలకడం కూడా మైలే. కత్తెరుంది కదా నీ పక్కన. తియ్యి. కొయ్యి. నేనే చెప్తన్నాను, నీ కన్నతల్లిని చెప్తన్నాను.”

హైమ చెయ్యి కత్తెర మీద పడింది. నూకరత్నం ఆ చేతి మీద తన చెయ్యి వేసి గట్టిగా అదిమిపట్టింది. డాక్టర్ పెట్టె ఆపబోయింది.

అప్పుడు ఆ ఇల్లు అదిరిపోయింది.

“ఎవతివే నువ్వు!”

పేరంటాలు మగ్గం గుంటలోంచి లేచి నిలబడింది. పంతొమ్మిది రోజుల తుప్పు పట్టిన గొంతు, బొంగురుగా, చీలిపోయి వచ్చింది. చూపంతా పెట్టె మీదే.

“నా గొంతు పెట్టుకుని నా పిల్లనంటావా? కన్నతల్లివా నువ్వు? నొప్పులు పడ్డది నువ్వా, నేనా? తప్పేస్తే విప్పమన్నాను, అన్నాను, పనన్నాక అంటాను! పుట్టడం తప్పని ఎప్పుడన్నానే? ఏ పూటన్నాను? రా, చెప్పు రా!”

“నువ్వే అన్నావు” అంది పెట్టె, అదే గొంతుతో.

“నేననలేదు! దొంగముండా!”

హైమ కత్తెర వదిలేసింది. తల్లి వైపు చూసింది. పెట్టె వైపు చూసింది. మళ్ళీ తల్లి వైపు చూసింది. ఒకే గొంతు రెండు చోట్ల నుంచి వచ్చి తనలో తానే పోట్లాడుకోవడం ఆ పిల్ల పుట్టాక ఎన్నడూ వినలేదు.

“అమ్మా” అంది. “నీ గొంతు బొంగురుపోయింది.”

ఆ మాటతో పేరంటాలు కూలబడి కూతురిని వాటేసుకుంది. “మొక్కు పోయిందమ్మా, ఇరవై రెండు రోజులుండగా నోరు జారాను, అమ్మవారేం చేస్తాదో…”

“ఆ ఇరవై రెండు రోజులూ నేను పడతానండీ” అంది నూకరత్నం. “మాట మాత్రం మానలేను, మానితే నా ఉద్యోగం పోతుంది. ఉప్పు మానేస్తాను.”

“మీకు ఎలాగూ బీపీ ఉంది. నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నదే” అంది డాక్టర్. ముగ్గురూ ఏడుపు మధ్యలోనే నవ్వారు. అమ్మవారు ఈ బదిలీని ఒప్పుకుంటుందో లేదో నూకరత్నానికి తెలియదు. ఒప్పుకోకపోతే తనను అడగమని మనసులోనే చెప్పుకుంది.

ఇక పేరంటాలుకు కట్ట తెగింది. పంతొమ్మిది రోజుల మాటలు. ఎదురింటివాళ్ళ కోడి మన పెరట్లో గుడ్డు పెట్టి పోతోందనీ, జరీ కండెలు ఈసారి నాసిగా వచ్చాయనీ, హైమ తినకపోతే తనూ తినలేదనీ, ఆ సంగతి పలక మీద రాయాలంటే పట్టలేదనీ, ఈ చిలక బుటాకు తోక మరీ పొడుగైందనీ, ఎవరు గీశారు దీన్ని, వాడి చెయ్యి పడా. ఆ మాటలన్నిటి కింద పెట్టె కూడా తన ధోరణిలో నడుస్తూనే ఉంది. తప్పు, విప్పు, తప్పు. డాక్టర్ దాన్ని ఆపలేదు. హైమే ఉండనివ్వమంది.

హైమ పోగు ఎత్తింది. రెండు గొంతుల మధ్య కాసేపు తికమకపడింది. నుదురు చిట్లించింది.

“అమ్మా, కాసేపు ఊరుకో.”

పేరంటాలు టక్కున ఆగిపోయింది. మళ్ళీ ఏం చేశానో అన్నట్టు నూకరత్నం వైపు చూసింది. మగ్గం మీద ఎండ పడుతోంది.

హైమ పెట్టె వైపు తిరిగింది. “నువ్వు కూడా ఊరుకో.”

“తప్పు” అంది పెట్టె. “విప్పు. మళ్ళీ తప్పు. విప్పు.”

హైమ కాసేపు తలవంచి విన్నది. ఆ తర్వాత మొహంలో ఏదో సర్దుకుంది. చాలా రోజులుగా వెతికిన పోగు కొస దొరికినట్టు, చూపు నిలకడగా ఒక చోట ఆగింది.

“అక్కా, చూశావా? ఊరుకోమంటే ఊరుకుంది అమ్మ. అది ఊరుకోదు.”

“ఊరుకోదమ్మా” అంది నూకరత్నం. “నాదీ ఊరుకోదు.”

“అయితే ఏది అమ్మో తెలిసిపోద్ది” అంది హైమ.

మెడకున్న పట్టీ తనే విప్పి, టోపీతో పాటు తీసి డాక్టర్ చేతికిచ్చింది. గదిలో పెట్టె మూగబోయింది. తన తలలో అది ఆగలేదని హైమ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా రెండో చేత్తో జరీ పోగు పట్టుకుని, తల్లి వైపు జరిగి భుజానికి భుజం ఆనించింది.

“ఇప్పుడు మాట్లాడమ్మా. ఎడం వైపు ఎన్ని?”

పేరంటాలు గొంతు సవరించుకుంది. పడుగు కింద కాగితం మీదకు వంగి, కన్నీళ్ళలో గళ్ళు కనబడక రెండుసార్లు తుడుచుకుని, వేలు పెట్టి చూసి, నెమ్మదిగా చెప్పింది.

“ఎడం వైపు ఆరు. తొందరేం లేదమ్మా, చూసుకుని ఎత్తు.”